పరాయి దేశంలో డబ్బు ఎక్కడ జారిపోతుంది? మారకపు రేటు, కార్డు చార్జీలు, బ్యాగు బరువు: అన్నీ కలిపి ఒకే లెక్క

విదేశంలో ఏటీఎంలో కార్డు పెట్టి పిన్ కొట్టాక చాలాసార్లు ఒక ప్రశ్న ఎదురవుతుంది. మీ సొంత కరెన్సీలో ఇంత పడుతుంది, ఈ మార్పిడికి ఒప్పుకుంటారా అని తెర మీద అడుగుతుంది. కింద రెండు బటన్లుంటాయి: ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోను. రెండోది నొక్కితే డబ్బే రాదేమోనన్న బెరుకుతో మొదటిది నొక్కేవాళ్లు ఎందరో. నిజానికి ఒప్పుకోనని నొక్కితే ఆ యంత్రం చెప్పిన మార్పిడి మాత్రమే ఆగుతుంది, నోట్లు మామూలుగానే వస్తాయి. మార్పిడి మన బ్యాంకు చేస్తుంది, ఎక్కువ సందర్భాల్లో తక్కువ ఖర్చుతో.

విదేశీ ప్రయాణంలో డబ్బు పోయే దారులు చాలావరకు ఇలాగే ఉంటాయి. రశీదులో విడిగా రాసి ఉండే చార్జీని చూసి అందరూ గొణుగుతారు. రేటులో కలిసిపోయిన చార్జీని ఎవరూ పట్టించుకోరు, పెద్దది మాత్రం తరచుగా అదే. సామానుదీ ఇదే తీరు. టికెట్ ధరను పది చోట్ల పోల్చి కొంటాం, బ్యాగు ధర విమానం గేటు దగ్గర తెలుస్తుంది. అందుకే డబ్బు, సామాను అనే రెండు విషయాలనూ ఇక్కడ కలిపే చూద్దాం.

లెక్కలు తేలిగ్గా ఉండేందుకు రెండు ఊహా కరెన్సీలు తీసుకుందాం. మనది ‘సొంత కరెన్సీ’, వెళ్లిన దేశానిది ‘అక్కడి కరెన్సీ’. అక్కడి 1కి మనది 100 అనుకుందాం. ఇక కింద వచ్చే అంకెలన్నీ ఉదాహరణకే.

అసలు రేటు అంటే ఏది?

బ్యాంకులు తమలో తాము కరెన్సీలు కొనుక్కునేటప్పుడు కొనే ధర, అమ్మే ధర అని రెండుంటాయి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉండేది మధ్యస్థ రేటు. ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించేది సాధారణంగా ఇదే. ఈ రేటుకు ప్రయాణికుడికి ఎవరూ డబ్బు అమ్మాల్సిన పని లేదు. అమ్మకపోవడంలో మోసమూ లేదు: నోట్లు తెప్పించి దాచాలి, భద్రత చూసుకోవాలి, అద్దె కట్టాలి, వీటన్నిటికీ ఖర్చుంది. మనకు మాత్రం మధ్యస్థ రేటు కొలబద్దలా పనికొస్తుంది. ఎవరు ఏ రేటు చెప్పినా, దానికీ మధ్యస్థ రేటుకూ ఉన్న తేడాయే వాళ్లు నిజంగా తీసుకుంటున్న రుసుము.

ఇది గుర్తుంటే ‘కమిషన్ లేదు’ అనే బోర్డు అర్థమైపోతుంది. మార్పిడి కౌంటర్ అక్కడి 1ని మనకు 106కు అమ్ముతోంది, మన దగ్గర 94కు కొంటోంది అనుకుందాం. కమిషన్ సున్నా. 500 కొంటే మనం ఇచ్చేది 53,000. మధ్యస్థ రేటు ప్రకారం వాటి విలువ 50,000. అంటే 3,000 రేటులోనే తీసేసుకున్నారు. పక్క కౌంటర్లో రేటు 102 ఉండి, 500 కమిషన్ అడిగారనుకోండి. అక్కడ మొత్తం 51,500 అవుతుంది. కమిషన్ అడిగినవాడి దగ్గరే మనకు 1,500 కలిసొచ్చింది. కౌంటర్ ముందు అడగదగ్గ ప్రశ్న ఒక్కటే: ఇంత సొమ్ము ఇస్తే, అన్నీ పోను నా చేతికి ఎంత వస్తుంది?

కార్డు వాడితే మధ్యలో ఎవరెవరు ఉంటారు?

దుకాణంలో కార్డు పెట్టినప్పుడు మార్పిడి మామూలుగా వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు చెల్లింపుల నెట్‌వర్క్ రేటు మీద జరుగుతుంది. ఈ రేట్లు మధ్యస్థ రేటుకు బాగా దగ్గరగా ఉంటాయి. ఏ రోజు రేటు ఎంతో ఆ సంస్థల వెబ్‌సైట్లలో కాలిక్యులేటర్లలో చూసుకోవచ్చు. దాని మీద కార్డు ఇచ్చిన బ్యాంకు తన విదేశీ లావాదేవీ రుసుము కలుపుతుంది. కొన్ని కార్డులకు అది సున్నా, ఎక్కువ కార్డులకు 1 నుంచి 3.5 శాతం దాకా. ఒకే బ్యాంకు ఇచ్చిన రెండు కార్డుల్లో ఒకదానికి రుసుము ఉండి, రెండోదానికి లేకపోవచ్చు కూడా. బయల్దేరే ముందు తెలుసుకోవాల్సిన వాటిలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఇదేనని నా అభిప్రాయం. ప్రయాణం మొత్తం మీద పడే ప్రతి బిల్లునూ ఇది తాకుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రశ్నకు వద్దాం. ఏటీఎంలోనే కాదు, హోటళ్లలో, దుకాణాల్లో కార్డు యంత్రం కూడా అడుగుతుంది: అక్కడి కరెన్సీలో కడతారా, సొంత కరెన్సీలోనా? దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. ఇక్కడ మార్పిడి చేసేది మన బ్యాంకు కాదు, నెట్‌వర్కూ కాదు, వ్యాపారితోనో ఏటీఎం యజమానితోనో ఒప్పందం ఉన్న సంస్థ. రేటు వాళ్లది, లాభంలో వాటా వ్యాపారికీ ఉంటుంది. కాబట్టి ఆ ప్రశ్న మన సౌకర్యం కోసమే పుట్టిందనుకోవడానికి లేదు.

హోటల్ బిల్లు అక్కడి కరెన్సీలో 300, మన కార్డు రుసుము 3 శాతం అనుకుందాం. అక్కడి కరెన్సీలో కడితే 30,000 మీద 900, మొత్తం 30,900. సొంత కరెన్సీ ఎంచుకున్నాం, ఆ సంస్థ 6 శాతం వేసుకుంది అనుకుంటే 31,800. ఇంకో మెలిక ఉంది. వ్యాపారి విదేశంలో ఉంటే చాలు, బిల్లు సొంత కరెన్సీలో ఉన్నా సరే విదేశీ రుసుము వేసే బ్యాంకులున్నాయి. అలాంటి కార్డయితే 31,800 మీద మళ్లీ 3 శాతం, అంటే 32,754. ఒకే గది, ఒకే కార్డు, 1,854 తేడా.

ఈ పద్ధతిని సమర్థించేవాళ్ల వాదనలో కూడా పస ఉంది. ఎంత పడుతుందో అక్కడికక్కడే ఖరారుగా తెలుస్తుంది. ఆఫీసుకు ఖర్చుల లెక్క ఇవ్వాల్సినవాళ్లకు సొంత కరెన్సీ రశీదు ఉపయోగం. అరుదుగా, మన కార్డు రుసుము మరీ ఎక్కువై, అక్కడి సంస్థ తక్కువ వేసుకుంటే లాభం కూడా రావచ్చు. సమస్యల్లా పోల్చి చూసుకునే వీలు లేకపోవడమే. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన ఒక నిబంధన దీన్నే పట్టుకుంది. యూనియన్‌లోని కరెన్సీల మధ్య మార్పిడి చేసేటప్పుడు యూరోపియన్ కేంద్ర బ్యాంకు ప్రకటించే రేటు కన్నా ఎంత శాతం ఎక్కువ వేస్తున్నారో చెల్లింపుకు ముందే చూపించాలన్నది 2020 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. పద్ధతిని నిషేధించలేదు, తేడాను కళ్లముందు పెట్టమంది. అలా శాతం కనిపించినచోట మన కార్డు రుసుముతో పోల్చుకుంటే సరిపోతుంది. కనిపించనిచోట అక్కడి కరెన్సీయే మేలు.

ఏటీఎంలో చిన్న మొత్తాలకు పెద్ద చార్జీ

నోట్లు తీసినప్పుడు మూడు కోతలు పడొచ్చు: ఏటీఎం యజమాని రుసుము, మన బ్యాంకు స్థిర రుసుము, పైన శాతం రుసుము. ఏటీఎం వాళ్లు అక్కడి కరెన్సీలో 5, మన బ్యాంకు సొంత కరెన్సీలో 200, దానికి తోడు తీసిన మొత్తం మీద, ఏటీఎం రుసుముతో కలిపి, 3 శాతం తీసుకుంటారనుకుందాం.

50 తీస్తే మన ఖాతాలోంచి పోయేది 55 మీద 3 శాతం, పైన 200. మొత్తం 5,865. చేతికొచ్చిన నోట్ల విలువ 5,000. అంటే 17 శాతం పైనే పోయింది. అదే 400 తీస్తే 41,915 అవుతుంది, కోత 5 శాతం లోపే. స్థిర రుసుము ఎంత తీసినా ఒకటే కాబట్టి, కొద్దికొద్దిగా చాలాసార్లు తీసేవాళ్లకే దెబ్బ ఎక్కువ.

అలాగని ఒక్కసారే పెద్ద మొత్తం తీసి జేబులో పెట్టుకు తిరిగితే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ప్రయాణ బీమాలు నగదుకు ఇచ్చే పరిహారానికి సాధారణంగా చిన్న పరిమితే పెడతాయి. ఈ రెండింటి మధ్య తూకం మనిషిని బట్టీ ఊరిని బట్టీ మారుతుంది. నగదు తీసుకోని దుకాణాలున్న దేశాలున్నాయి, కార్డు పనికిరాని చిన్న పట్టణాలున్న దేశాలూ ఉన్నాయి. వెళ్లేచోటు ఏ కోవదో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం వేరే వ్యవహారం. దుకాణంలో కొన్నదానికి ఉండే వడ్డీ లేని గడువు నగదుకు సాధారణంగా ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, నగదు రుసుము అదనం. డెబిట్ కార్డుకు ఈ వడ్డీ లేదు. కానీ అది ఎవరి చేతుల్లోనైనా పడితే నేరుగా మన పొదుపుకే చిల్లు. కొనుగోళ్లకు క్రెడిట్ కార్డు, నోట్లకు డెబిట్ కార్డు అనే విభజన వెనక ఉన్న కారణం ఇదే.

నోట్లు పెద్దమొత్తంలో వెంట తీసుకెళ్లేవాళ్లకు సరిహద్దు నియమాలు వర్తిస్తాయి. యూరోపియన్ యూనియన్‌లోకి వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ 10,000 యూరోలు, ఆపైన ఉంటే ప్రకటించాలి. అమెరికాలో 10,000 డాలర్లు దాటితే ప్రకటించాలి. ఇవి తీసుకెళ్లకూడదనే పరిమితులు కావు, చెప్పి తీసుకెళ్లమనే నియమాలు. చెప్పకపోతే సొమ్ము స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకుంది.

ముందే రేటు ఖాయం చేసుకుంటే?

ప్రయాణికుల కోసం అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 1891లో ట్రావెలర్స్ చెక్కులు తెచ్చింది. పోతే మళ్లీ ఇస్తామన్న హామీయే వాటి బలం. కార్డులు, ఏటీఎంలు విస్తరించాక అవి దాదాపు కనుమరుగయ్యాయి. ఆ అవసరాన్ని ఇప్పుడు తీరుస్తున్నవి ముందే అక్కడి కరెన్సీ నింపుకునే ప్రీపెయిడ్ కార్డులు, అనేక కరెన్సీలు ఉంచుకునే యాప్ ఖాతాలు.

ముందే నింపుకుంటే రేటు ఆ రోజుకు ఖాయమవుతుంది. తర్వాత సొంత కరెన్సీ పడిపోతే మనం లాభపడ్డట్టు, బలపడితే నష్టపోయినట్టు. ఇందులో ఎటు జరుగుతుందో పండితులకే అంతు చిక్కదు కనుక, రేటు ఖాయం చేసుకోవడాన్ని లాభం కోసమని కాక నిశ్చింత కోసమని చూడటం సబబు. ఖర్చు ఇంతకు మించకూడదని గీత గీసుకున్న కుటుంబానికి ఆ నిశ్చింత విలువైనదే. పోల్చాల్సింది మాత్రం రుసుములను: నింపేటప్పుడు వేసే రేటు, మిగిలింది వెనక్కి తీసుకునేటప్పటి కోత, వాడకుండా ఉంచితే పడే చార్జీ, నింపిన కరెన్సీ కాకుండా ఇంకొకదానిలో వాడితే పడే అదనం. యూరోలు నింపిన కార్డును యూరో లేని పొరుగు దేశంలో గీస్తే ఈ చివరిది తగులుతుంది. శని, ఆదివారాల్లో విదేశీ మారక విపణి మూసి ఉంటుంది కాబట్టి, ఆ రోజుల్లో రేటు మీద కొంత కలిపే యాప్‌లు కూడా ఉన్నాయి.

ఖర్చు కాకుండానే ఆగిపోయే డబ్బు

హోటల్లో దిగేటప్పుడు, కారు అద్దెకు తీసుకునేటప్పుడు పూచీగా కార్డు మీద కొంత మొత్తాన్ని ఆపి ఉంచుతారు. క్రెడిట్ కార్డయితే పరిమితి ఆ మేరకు తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డయితే మన సొంత డబ్బే కొన్ని రోజులు చేతికందదు. ఖాతాలో డబ్బుండీ కార్డు పనిచేయడం లేదని కంగారు పడేవాళ్లలో కొందరి సమస్య ఇదే. వేరే ఖాతాకు చెందిన రెండో కార్డు, వీలైతే వేరే నెట్‌వర్క్‌ది, మొదటిదానికి దూరంగా వేరే సంచిలో ఉంటే ఈ చిక్కు ప్రయాణాన్ని ఆపలేదు.

ఫోన్‌లో సిమ్ మార్చేస్తే ఇంకో తలుపు మూసుకుంటుంది. బ్యాంకు పంపే ఓటీపీ పాత నంబరుకు వెళ్తుంది, ఆ సిమ్ ఏ పర్సు మూలనో ఉంటుంది. పాత సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచి, డేటాకు మాత్రం ఈసిమ్ (విడి కార్డు లేకుండా ఫోన్‌లోనే నింపుకునే సిమ్) వాడే పద్ధతి ఇందుకే వాడుకలోకి వచ్చింది. అయితే పాత నంబరు విదేశంలో కూడా సందేశాలు అందుకునేలా రోమింగ్ తెరిచి ఉండాలి.

బ్యాగు బరువు ధరగా ఎలా మారుతుంది?

క్యాబిన్ బ్యాగుకు 7 కిలోలు అనే విమాన సంస్థలున్నాయి, 10 అనేవి ఉన్నాయి, బరువు అడగకుండా కొలత మాత్రమే చూసేవీ ఉన్నాయి. గట్టి పెంకు ఉన్న చక్రాల సూట్‌కేసు ఖాళీగానే దగ్గరదగ్గర 3 కిలోలు తూగుతుంది. 7 కిలోల పరిమితిలో సామానుకు మిగిలేది నాలుగే. కిలో బరువుండే మెత్తని వీపు సంచి తీసుకుంటే ఆరు. ఏం సర్దుతున్నామన్నదాని కన్నా ముందు, దేనిలో సర్దుతున్నామన్నది తేల్చుకోవాలనడం అందుకే.

విడివిడిగా కొన్న టికెట్లతో రెండు మూడు విమానాలు మారేవాళ్లకు అన్నిటికన్నా కఠినమైన సంస్థ నియమమే ప్రయాణమంతటికీ నియమం అవుతుంది. మొదటి విమానంలో ఉచితంగా వెళ్లిన బ్యాగుకు రెండోదానిలో డబ్బు కట్టాల్సి వస్తుంది, అదీ గేటు దగ్గరైతే ముందుగా కట్టేదాని కన్నా సాధారణంగా ఎక్కువ.

ద్రవాలది మరో కథ. ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలను కూల్చే కుట్ర 2006 ఆగస్టులో బ్రిటన్‌లో బయటపడ్డాక, ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదన్న నియమం ప్రపంచమంతా పాకింది. చూసేది సీసా పరిమాణం, లోపల ఎంత ఉందన్నది కాదు. 200 మిల్లీలీటర్ల సీసా అడుగున కొంచెమే మిగిలి ఉన్నా తీసేస్తారు. కొత్త స్కానర్లు పెట్టిన కొన్ని విమానాశ్రయాలు సడలించాయి, కానీ తిరుగు ప్రయాణంలో ఎక్కే విమానాశ్రయం సడలించిందో లేదో వేరే సంగతి.

పవర్ బ్యాంకు విషయంలో పరిమితి వాట్ అవర్లలో ఉంటుంది, డబ్బా మీద రాసేది మాత్రం తరచుగా మిల్లీ యాంపియర్ అవర్లలో. దాన్ని లోపలి బ్యాటరీ వోల్టేజీతో, సాధారణంగా 3.7తో, గుణించి 1,000తో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 20,000ది 74 వాట్ అవర్లు, 100 లోపే కాబట్టి అనుమతి అక్కర్లేదు. 30,000ది 111, దానికి విమాన సంస్థ ఒప్పుకోవాలి. 160 దాటితే ప్రయాణికుడి సామానులో కుదరదు. ఏదైనా సరే చెక్-ఇన్ బ్యాగులో వేయకూడదు. విమానం నిండిపోయి గేటు దగ్గర మన క్యాబిన్ బ్యాగును కిందికి పంపేటప్పుడు కూడా ఇది వర్తిస్తుంది. పవర్ బ్యాంకు, మందులు, కార్డులు, నగదు ఒక చిన్న లోపలి సంచిలో ఉంటే ఆ తొందరలో ఒక్క నిమిషంలో బయటికి తీయొచ్చు.

చేతి బ్యాగుకు డబ్బు తీసుకోవడం న్యాయమేనా?

ఐరోపాలో దీని మీద పెద్ద వాదమే నడుస్తోంది. తగిన బరువు, కొలతల్లో ఉన్న చేతి సామాను ప్రయాణికుడికి తప్పనిసరి అవసరమని, దానికి అదనంగా వసూలు చేయరాదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014లో ఒక తీర్పులో చెప్పింది. తగిన అంటే ఎన్ని సెంటీమీటర్లో చెప్పలేదు. ఆ సందులోంచే సీటు కింద పట్టేది ఉచితం, పైన అరలో పెట్టేదానికి రుసుము అనే పద్ధతి పెరిగింది. 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం చేతి బ్యాగు వసూళ్లు సహా పలు పద్ధతులకు 5 చవక విమాన సంస్థల మీద మొత్తం 17.9 కోట్ల యూరోల జరిమానా ప్రకటించింది. సంస్థలు దాన్ని సవాలు చేశాయి.

విమాన సంస్థల మాట ఇది: పైఅరల్లో చోటు పరిమితం, అందరూ పెద్ద బ్యాగు తెస్తే ఎక్కడం ఆలస్యమవుతుంది, చిన్న సంచితో వచ్చేవాడు పెద్ద బ్యాగు వాడి ఖర్చు ఎందుకు మోయాలి? వినియోగదారుల సంఘాల మాట ఇది: బ్యాగు లేని ధర చూపించి ఆకర్షించి తర్వాత కలపడంతో టికెట్లు పోల్చడమే కుదరడం లేదు, కొలతలు సంస్థకొకటిగా ఉన్నాయి. రెండు వాదాల్లోనూ నిజముంది. నాకు రెండోదానిలోని పోలిక సమస్యే ఎక్కువ బరువైనదిగా తోస్తుంది, ఎందుకంటే ధర ఎంతైనా ముందే మొత్తంగా కనిపిస్తే ఎంచుకునే హక్కు మన చేతిలో ఉంటుంది.

మోసుకెళ్లడమా, అక్కడ కొనుక్కోవడమా?

చెక్-ఇన్ బ్యాగుకు ఒక వైపుకు అక్కడి కరెన్సీలో 40 అనుకుందాం, రానుపోను 80. రెండు వారాల ప్రయాణానికి పద్నాలుగు జతల బట్టలు కాకుండా ఐదు జతలతో వెళ్లి, రెండుసార్లు లాండ్రీకి ఒక్కోసారి 10 ఇస్తే 20. బ్యాగులో పట్టని సబ్బు, షాంపూ లాంటివి అక్కడ కొంటే ఇంకో 10. అప్పుడు 50 మిగులుతుంది. ఊళ్లు మారేటప్పుడల్లా మెట్ల మీద లాగే శ్రమ, సామాను బెల్టు దగ్గర ఎదురుచూపు ఈ లెక్కలోకి రాలేదు. లాండ్రీకి పోయే సమయం కూడా రాలేదు.

ఈ లెక్క అందరికీ ఒకేలా తేలదు. పసిబిడ్డతో వెళ్లేవాళ్లకు, వైద్య పరికరాలు కావాల్సినవాళ్లకు, ప్రత్యేక క్రీడా సామాను ఉన్నవాళ్లకు బ్యాగు డబ్బు కట్టడమే చవక. అక్కడ దొరకని మందులు, కళ్లద్దాలు, కాలికి అలవాటైన బూట్లు కొత్తగా కొందామనుకునే కోవలోకి రావు. చలి దేశాలకు వెళ్లేటప్పుడు ఒక మందపాటి కోటు కన్నా పొరలుగా వేసుకునే పలచని బట్టలు తక్కువ చోటు తీసుకుంటాయి. అన్నిటికన్నా బరువైనది ఒంటి మీదే వేసుకుని ఎక్కితే అది బ్యాగు తూకంలోకి రాదు.

చెక్-ఇన్ బ్యాగు పోయినా, పాడైనా, ఆలస్యమైనా 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద విమాన సంస్థ బాధ్యతకు ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 2024 డిసెంబరు 28 నుంచి అది ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అనేది అంతర్జాతీయ ద్రవ్యనిధి కొలమానం, డాలర్, యూరో, యువాన్, యెన్, పౌండ్‌ల కలగలుపు మీద దాని విలువ కడతారు. 1,519 అనేది అందరికీ చేతిలో పెట్టే మొత్తం కాదు, నష్టాన్ని చూపించిన మేరకు అక్కడిదాకా అడగొచ్చని అర్థం. పాడైతే బ్యాగు అందిన 7 రోజుల్లో, ఆలస్యమైతే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

మిగిలిన నోట్లు, నాణేలు

తిరిగి వచ్చేటప్పుడు చేతిలో అక్కడి కరెన్సీ 100 మిగిలిందనుకుందాం. మొదట చెప్పిన కౌంటర్లో అది 10,600 పెట్టి కొన్నది. అదే కౌంటర్ 94 చొప్పున తిరిగి తీసుకుంటే 9,400 వస్తుంది. ఖర్చే పెట్టని సొమ్ము మీద 1,200 పోయింది, అంటే పెట్టినదాంట్లో 11 శాతం పైన. నాణేలనైతే చాలా కౌంటర్లు తీసుకోనే తీసుకోవు. చివరి రోజు హోటల్ బిల్లు కట్టేటప్పుడు చేతిలో ఉన్న నోట్లూ నాణేలూ ముందు ఇచ్చేసి, తక్కింది కార్డు మీద వేయమని అడిగితే చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఆ నోట్లు వాటి పూర్తి విలువకు చెల్లుతాయి, కార్డు మీద పడే రుసుము కూడా ఆ మేరకు తగ్గుతుంది.